వాడ నుంచి – 14: తడ దాటితే నేను ఓసీ

నేను ఓసీనయ్యాను.

ఎగతాళికి అనడం లేదు. సర్కారు లెక్క అది. చేజర్ల అరుంధతివాడలో పుట్టాను. ఆత్మకూరులో సాంఘిక సంక్షేమ హాస్టల్ అన్నం తిని చదువుకున్నాను. ఎస్సీ సీటులో ఎం.ఏ., ఎస్సీలకిచ్చే రాజీవ్ గాంధీ ఫెలోషిప్పుతో పీహెచ్‌డీ చేశాను. ముప్పై ఆరేళ్లుగా ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా కులం అన్నచోట ఒకటే రాశాను. ఈ మార్చిలో తమిళనాడులోని ఒక కళాశాలకు దరఖాస్తు నింపుతుంటే కింద చిన్నక్షరాల్లో ఒక ముక్క కనబడింది. ఇతర రాష్ట్రాలవాళ్లు ఏ కులంవాళ్లయినా జనరల్ కిందే లెక్కట.

ఆ రాత్రి నాయనకు చెప్పాను. "నాయనా, తడ దాటితే నేను ఓసీనంట."

నాయన బీడీ ఆర్పి కాసేపు ఆలోచించాడు. "అట్టనా మే? అయితే ఆ కాగితమేందో నాక్కూడా ఒకటి తెచ్చియ్యి. డెబ్బై ఏళ్లొచ్చినాయి, ఒక్కరోజన్నా ఓసీగా బతికి చూస్తా" అన్నాడు.

అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు. "పిల్ల సంగతేంది?" అంది.

ఈ భాగమంతా అమ్మ అడిగిన ఆ రెండు మాటల గురించే.

*

ముందు ఎందుకు పోతున్నానో చెప్పాలి. ఎనిమిదేళ్లుగా గెస్ట్ ఫ్యాకల్టీని. గంటల లెక్కన జీతం. ఏప్రిల్లో ఇంటికి పొమ్మంటారు, జూలైలో మళ్లీ రమ్మంటారు. ఆ మధ్య మూడు నెలలు డాక్టరేట్ పట్టా గోడ మీద ఉంటుంది, నేను ట్యూషన్లు చెప్పుకుంటూ ఉంటాను. తమిళనాడు ఉత్తరాన ఒక చిన్న పట్టణంలో తెలుగు లెక్చరర్ పోస్టు పడింది. పర్మనెంటు. ఓపెన్ కేటగిరీలోనే రాశాను, ఓపెన్ కేటగిరీలోనే వచ్చింది. పట్టణం పేరు చెప్పను. చెబితే అది ఆ ఒక్క ఊరి తప్పయిపోతుంది.

జూన్‌లో చేరాలి. నాకూ నా సహచరుడికీ ప్లాను వేసుకోవడానికి రెండు నెలలుంది. ఒక నోటు పుస్తకం తీసుకుని పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు ‘సరిహద్దు దాటేవి’, కుడివైపు ‘దాటనివి’.

దాటేవి చాలా ఉన్నాయి. ఆధార్ దాటుతుంది. బ్యాంకు ఖాతా, గ్యాస్ కనెక్షన్, ఫోన్ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు దాటుతాయి. ఓటు మార్చుకోవచ్చు. చివరికి రేషన్ కార్డు కూడా దాటుతుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. 2017 నుంచి జీఎస్టీ వచ్చాక లారీలకు చెక్‌పోస్టుల దగ్గర పన్నుల బాధ తప్పింది. అంటే తడ దగ్గర సిమెంటు బస్తా ఆగదు. చేపల లారీ ఆగదు. నా కిలో బియ్యం ఆగదు.

కుడివైపు ఒక్కటే రాశాను. కులధృవీకరణ పత్రం.

ఆ కింద ఇంకో మాట రాయాల్సింది, అప్పుడు తట్టలేదు. పత్రం దాటదు గానీ కులం దాటుతుంది. దానికి టికెట్టు అక్కర్లేదు. మనకంటే ముందే పోయి మనం దిగే స్టేషన్లో నిలబడి ఉంటుంది. ఇల్లు వెతకడానికి పోయిన రోజు అది తెలిసింది.

*

ఏప్రిల్లో ఒక శనివారం నెల్లూరులో రైలెక్కి పోయాం. ఆ పట్టణంలో ఒక బ్రోకరు మూడిళ్లు చూపిస్తానన్నాడు.

మొదటింటి ఆవిడ మమ్మల్ని కులం అడగలేదు. మాంసం తింటారా అని అడిగింది. తింటామన్నాను. "మేం వెజిటేరియన్లకే ఇస్తామండి" అంది. మర్యాదగానే అంది. గేటు దాకా వచ్చి సాగనంపింది కూడా.

రెండో ఇల్లు తెలుగువాళ్లది. ఆయన ముత్తాత నెల్లూరు వైపు నుంచి పోయి స్థిరపడ్డాడట. "నెల్లూరా! మనోళ్లే!" అని కుర్చీలు వేయించాడు. స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది. నిజం చెబుతున్నాను, నా మనసు కరిగింది. పరాయి ఊళ్లో సొంత భాష వింటే ఎవరికైనా అంతే. తర్వాత మొదలైంది. ఏ ఊరు? చేజర్లలో ఎవరింటివాళ్లు? ఇంటిపేరేంది? ఊళ్లో ఏ వైపమ్మా మీ ఇల్లు?

"అరుంధతివాడండి" అన్నాను.

"అట్లాగా. మంచిది తల్లీ" అన్నాడు. కాఫీ తాగడం అయ్యేదాకా ఎండల గురించి మాట్లాడాడు. పైభాగానికి వాళ్ల పెద్దమ్మాయి వాళ్లు వస్తామంటున్నారట, ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది ఆయనకు.

ఆ ఇంట్లో గోడ మీద తమిళ క్యాలెండరు ఉంది. ఆయన తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేనని తనే చెప్పాడు. నాలుగు తరాల్లో తెలుగు అక్షరాలు చదవడం మర్చిపోయిన కుటుంబం ఇంటిపేరు చదవడం మాత్రం మర్చిపోలేదు. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. భాష మనుషుల్ని కలుపుతుందని క్లాసులో చెప్పి జీతం తీసుకుంటాను. ఆ రోజు ఆ వాక్యం గొంతులో అడ్డం పడింది. ‘మనోళ్లు’ అన్న మాటకు నిఘంటువులో ఒక అర్థం ఉంది, అద్దె ఇంటి గుమ్మంలో ఇంకో అర్థం ఉంది.

బ్రోకరుకు విషయం అర్థమైంది. గొంతు తగ్గించి, "మీవాళ్లు ఉండేవైపు ఒక ఇల్లుంది, చూస్తారా?" అన్నాడు. సర్కారు లెక్కలో నేను ఓసీని. బ్రోకరు లెక్కలో కాదు. వాడికి తహసీల్దారు సంతకం అక్కర్లేదు.

రైలు పట్టాలు దాటి, ఊరు అయిపోయిందనుకున్నాక, ఇంకో అర కిలోమీటరు పోతే వచ్చింది మూడో ఇల్లు. చేజర్లలో వాడ ఊరికి ఎక్కడుందో ఇక్కడా అక్కడే ఉంది. అంచున. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఇల్లది. ఆయన అడిగింది రెండే. ఎంతమంది ఉంటారు? పంచాయతీ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సరిపోతాయా?

ఆ ఇల్లే తీసుకున్నాం. దిక్కులేక తీసుకున్నామని ఎవరూ జాలిపడొద్దు. ఆ పట్టణంలో మనిషిని మనిషిగా ప్రశ్న అడిగిన ఇల్లు అదొక్కటే కాబట్టి తీసుకున్నాం.

*

ఇదేదో నాకొక్కదానికి జరిగిన వింత కాదు. 1917లో కొలంబియా, లండన్ చదువులు చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని మనుషులు వచ్చి వెళ్లగొట్టారు. హిందూ స్నేహితుడూ క్రైస్తవ స్నేహితుడూ ఇద్దరూ సాకులు చెప్పారు. పార్కులో చెట్టు కింద కూర్చుని ఏడ్చి రాత్రి బండికి బొంబాయి తిరిగిపోయాడు. అంత చదువు చదివిన మనిషి రాష్ట్రం దాటి వేరే ఊళ్లో కాపురం పెట్టబోయిన కథ అది. ఆ అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకానికి ఆయన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని పేరు పెట్టాడు. సొంత దేశంలో వీసా. విద్యార్థులు ఇంకా చదవకపోతే ఇవ్వాళే చదవండి, గంటలో అయిపోతుంది.

ఇప్పుడు కాలం మారిందిగా అంటారు. సుఖ్‌దేవ్ థోరాట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం జీతం, పేర్లు మాత్రం వేరు. ఫోన్ చేసినప్పుడే దళితుల్లో 18 శాతం మందికి, ముస్లింలలో 31 శాతం మందికి మొహం మీదే లేదన్నారు. అది మహానగరం. చిన్న పట్టణంలో ఫోన్ దాకా కూడా రాదు, టీ కొట్టు దగ్గరే తేలిపోతుంది. చిన్న ఊళ్లో మనశ్శాంతి ఉంటుందని, మనుషులు దగ్గరగా ఉంటారని రాసేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. మనుషులు దగ్గరగా ఉండటమే మా సమస్య. పల్లెను పొగిడినవాళ్లకు 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ ఇచ్చిన జవాబు ఊరికే ఇవ్వలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1955 అస్పృశ్యత నేరాల చట్టం, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకుంది. దాని నాలుగో సెక్షన్ చూడండి. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఒక ఇంట్లో ఉండనివ్వకపోవడం నేరం. డెబ్బై ఏళ్లుగా ఉంది ఆ ముక్క. కానీ యజమాని నోరు తెరిచి కులం పేరు చెబితే కదా. ఎవరు చెబుతారు? ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అన్న రెండు మాటల బోర్డుతో ఆ సెక్షన్‌కు తాళం వేశారు.

*

ఇల్లు సరే, దొరికింది. ఇక పత్రం సంగతి. అమ్మ ప్రశ్న ఇక్కడినుంచే.

ఈ నియమం ఎక్కడినుంచి వచ్చిందో చాలామంది విద్యార్థులకు తెలియదు. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం ఏ కులాలు ఎస్సీలో రాష్ట్రపతి రాష్ట్రం వారీగా ప్రకటిస్తాడు. ఫలానా కులం ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ ఎస్సీ. ఆ మాట పట్టుకుని వచ్చిన పెద్ద కేసు మన తెలుగువాళ్లదే. తెనాలిలో పుట్టిన ఎస్టీ పిల్లవాడు. తండ్రికి ఎస్టీ కోటాలో కేంద్ర ప్రభుత్వ ఎరువుల సంస్థలో ఉద్యోగం వచ్చి కుటుంబం బొంబాయి చేరింది. పిల్లవాడు అక్కడే చదివి మెడికల్ సీటు అడిగితే, నువ్వు మహారాష్ట్రలో ఎస్టీవి కావన్నారు. అదే మర్రి చంద్రశేఖరరావు కేసు. 1990 మే 2న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పిల్లవాడికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఒక రాష్ట్రంలో వెనకబాటు ఇంకో రాష్ట్రంలో అలాగే ఉండదు కదా అన్నది తర్కం. అంబేడ్కర్‌కు భారతరత్న ఇచ్చిన సంవత్సరం కూడా అదే.

2018 ఆగస్టు 30న బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే ఖాయం చేసింది. ఒక రాష్ట్రపు ఎస్సీ ఇంకో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో, చదువుల్లో ఎస్సీ కాడు. కేంద్ర సర్వీసుల్లో మాత్రం మన పత్రం దేశమంతా చెల్లుతుంది, అది గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది ఇంకో కేసు. పంజాబ్ వాల్మీకి స్త్రీ ఉత్తరాఖండ్‌కు కోడలిగా పోయింది. అక్కడా వాల్మీకులు ఎస్సీలే. అయినా ఆమె ఎస్సీ కాదన్నారు. తడకు అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకునే మాదిగ, మాల కుటుంబాలు ఎన్నో. ఆ ఆడపిల్లలకు మెట్టినింటితో పాటు ఓసీ హోదా కూడా కట్నంగా దొరుకుతోందన్నమాట!

‘ఒక రాష్ట్రంలో వెనకబాటు ఇంకో రాష్ట్రంలో ఉండదు’ అన్న తర్కాన్ని నా కులం మీద పెట్టి చూడండి. మాదిగ అన్న పేరు ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉంది. తెలంగాణలో ఉంది. కర్ణాటకలో ఉంది. తమిళనాడు జాబితాలోనూ ఉంది. అంతే కాదు, తమిళనాడు 2009లో ఎస్సీల 18 శాతంలో అరుంధతీయులకు 3 శాతం విడిగా ఇచ్చినప్పుడు ఆ గుంపులో చేర్చిన ఏడు పేర్లలో మాదిగ ఒకటి, ఆది ఆంధ్ర ఒకటి. అంటే నా కులం అణగారిందని ఆంధ్ర ప్రభుత్వం ఒప్పుకుంది, తమిళనాడు ప్రభుత్వమూ ఒప్పుకుంది. రెండూ ఒప్పుకున్న నిజం మధ్యలో తడ దగ్గర అబద్ధం ఎలా అయింది?

ఇంకో సంగతి. అట్రాసిటీ చట్టం గురించి ఇదే ప్రశ్న వస్తే, రక్షణ సొంత రాష్ట్రానికే పరిమితం కాదని 2023లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. మంచి తీర్పు. దాని అర్థమేమిటి? దెబ్బ సరిహద్దు దాటుతుందని న్యాయస్థానమే ఒప్పుకుంది. దెబ్బ దాటినప్పుడు మందు ఎందుకు దాటదు?

*

ఇక మా తాత సంగతి చెప్పాలి.

ఆయన చేజర్ల నుంచి మద్రాసు పోయి పల్లావరం దగ్గర తోళ్ల కార్ఖానాలో నాలుగేళ్లు పనిచేశాడు. మావాళ్లు మద్రాసు అనరు, పట్నం అంటారు. మెట్ట ప్రాంతం, వాన లేకపోతే పని లేదు, పని లేకపోతే పట్నం. ఆ రోజుల్లో అది రాష్ట్రం దాటడం కాదు. నెల్లూరూ మద్రాసు రాష్ట్రమే, పల్లావరమూ మద్రాసు రాష్ట్రమే. 1949లో వాళ్లమ్మకు జబ్బు చేసిందని ఊరికొచ్చాడు. ఆమె పోయింది, ఆయన ఇక తిరిగిపోలేదు.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఎస్సీల జాబితా ప్రకటించాడు. ఈ రోజుకూ ‘నువ్వు ఏ రాష్ట్రపు ఎస్సీవి’ అని తేల్చడానికి అడిగేది అదే. ఆ తేదీనాటికి నీ పెద్దలు స్థిరంగా ఎక్కడున్నారు? ఆ రోజు మా తాతా, పల్లావరంలో ఆయనతో తోళ్లు నానబెట్టిన వాళ్లూ ఒకే రాష్ట్రం, ఒకే జాబితా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆయన పల్లావరంలోనే ఉండిపోయి ఉంటే నేనివాళ తమిళనాడు ఎస్సీని. ముత్తవ్వకు జ్వరమొచ్చింది కాబట్టి ఓసీని.

ఆ గీత గీయించిన పొట్టి శ్రీరాములు పేరే మా జిల్లాకు ఉంది. ఆయన మీద నాకు గౌరవం తక్కువ కాదు. 1952 డిసెంబరు 15న రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన మనిషి, అంతకుముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి మమ్మల్ని రానివ్వాలని కూడా నిరాహారదీక్ష చేశాడు. రెండు దీక్షల్లో ఒకటి రాష్ట్రమై నిలబడింది. రెండోదాన్ని తలిచేవాళ్లే తక్కువ.

గీతల సంగతి ఇంకా చూడండి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అక్కడి మాదిగలు గుడిసె కదలకుండానే రాష్ట్రం మారారు. ఎవరూ ఓసీలు కాలేదు. 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయింది. జాబితాలు రెండుగా రాసిచ్చారు. అక్కడినుంచి ఆంధ్రకు తరలివచ్చే కుటుంబాల పిల్లల్ని స్థానికులుగా గుర్తించడానికి రాష్ట్రపతి ఉత్తర్వును సవరించారు. మూడేళ్ల గడువని మొదలుపెట్టి పొడిగిస్తూ పొడిగిస్తూ పదేళ్లు చేశారు. నేను తప్పుబట్టడం లేదు. అడిగేది ఒకటే. ప్రభుత్వం గీతను జరిపితే కాగితాలు దానంతట అవే సర్దుకుంటాయి. మనిషి గీత దాటితే కాగితం చచ్చిపోతుంది. ఇది రాజ్యాంగ సూత్రమా, ఆఫీసుల సౌకర్యమా?

*

ఇప్పుడు పిల్ల సంగతి.

నా కూతురికి తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి అయిపోయింది. మాతో తీసుకుపోతే అక్కడి బళ్లో అయిదులో చేరుతుంది. తమిళనాడు 2006 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి పాఠం. నేర్చుకుంటుంది, అందులో నాకు భయం లేదు, సంతోషమే. కానీ అక్కడ పన్నెండు చదివి కాలేజీ సీటు అడిగిన రోజు అది తమిళనాడులో ఓసీ.

సరే, ఆంధ్రలోనే సీటు అడుగుతుందనుకోండి. ఇక్కడ 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికులు కావాలంటే అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అది చదవదు కాబట్టి చేజర్ల పిల్ల చేజర్ల ఉన్న రాష్ట్రంలో నాన్‌లోకల్. అక్కడ ఎస్సీ కాదు, ఇక్కడ లోకల్ కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది.

అందుకే అమ్మ అంది, "పిల్లను నా దగ్గర వదిలెయ్యండి. పదేళ్లు ఎంతలో పోతాయి" అని. నా సహచరుడూ అదే మంచిదేమో అన్నాడు. తర్కంగా చూస్తే వాళ్లే కరెక్టు. పత్రం వలస పోదు కాబట్టి పిల్ల వలస పోకూడదు.

ఈ లెక్క వేసుకునే అవసరం ఎవరికి ఉండదో కూడా చూడండి. మా ప్రాంతం నుంచే బెంగళూరు పోయినవాళ్లు, అమెరికా పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు పోతే ‘సెటిలయ్యారు’ అంటాం. మావాళ్లు పోతే ‘వలస పోయారు’ అంటాం. వాళ్ల పొలం పత్రం వాళ్లు ఎక్కడున్నా వాళ్లదే. మా తాత నుంచి నాకు వచ్చిన ఆస్తి ఈ ఒక్క కాగితం. దాన్ని తడ అవతల చిత్తుకాగితం చేశారు. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాశాడు. అందులో దళితుడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చేరవేయమని గబ్బిలాన్ని పంపుతాడు. క్లాసులో ఆ కావ్యం చెప్పినప్పుడల్లా గుళ్లోకి గబ్బిలం పోవచ్చు, మనిషి పోకూడదు అన్న సంగతి దగ్గర ఆగేదాన్ని. ఈ ఏడాది నుంచి ఇంకోచోట కూడా ఆగుతాను. గబ్బిలం ఎన్ని రాజ్యాలు దాటినా గబ్బిలమే.

*

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. అది అగ్రకులాలవాళ్ల నుంచి వచ్చింది కాదు కాబట్టి దాచకుండా చెబుతాను.

నాతో పాటు పరిశోధన చేసిన ఒక తమిళ అరుంధతీయ మిత్రురాలు ఉంది. ఫోన్లో ఈ సంగతంతా చెబితే నన్నడిగింది. "ఆ 3 శాతం కోసం మేం ఎంత కొట్లాడామో నీకు తెలుసా? పాకీపని చేసే కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్ల ఉంటుంది ఆ వరసలో. డాక్టరేట్ పట్టుకుని ఆంధ్ర నుంచి వచ్చి నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటావా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను ఆ కుర్చీ అడగడం లేదు. నాకొచ్చిన ఉద్యోగం ఓపెన్‌లో వచ్చింది, అందులోనే ఉంటాను. పీహెచ్‌డీ అయిపోయాక రాష్ట్రం దాటినవాళ్లు అక్కడి దళితుల వాటాలో చెయ్యి పెట్టకూడదు. వర్గీకరణ కోసం ముప్పై ఏళ్లు రోడ్డెక్కిన జాతి నాది. బలమైనవాడు బలహీనుడి ముద్ద తినడమంటే ఏమిటో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

నేనడిగేది నా కూతురి గురించి. ఆ పట్టాల అవతల ఇంట్లో ఉండి, ఆ వాడ పిల్లలతో అదే బడికి పోయి, అదే తమిళ పరీక్ష రాసి, అదే ‘మీవాళ్ల వైపు’ అన్న మాట వింటూ పెరిగే పిల్ల. నాలుగేళ్ల చదువు ఒక పిల్లను ‘లోకల్’ చేయగలదని ఆంధ్రప్రదేశ్ నియమమే చెబుతోంది. నాలుగేళ్లలో లోకల్ కాగలిగిన పిల్ల ఎనిమిదేళ్లయినా దళితురాలు కాలేదా?

కాబట్టి నా డిమాండ్ పెద్దదేమీ కాదు. ఒకటి, రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్న కులమైతే, వలస వచ్చిన కుటుంబంలో పిల్లలు వరసగా కొన్నేళ్లు అక్కడే చదివితే, వాళ్లను చదువుల్లో ఆ రాష్ట్ర ఎస్సీలుగా గుర్తించాలి. స్థానిక దళితుల వాటా ఒక్క సీటు కూడా తగ్గకుండా అదనపు సీట్లు వేయాలి. రెండు, రాష్ట్రం దాటి పెళ్లి చేసుకున్న స్త్రీకి రెండు జాబితాల్లో ఉన్న కులమైతే మెట్టినింటి రాష్ట్రంలో హోదా ఇవ్వాలి. మూడు, అద్దె ఇంట్లో కుల వివక్షకు పౌరహక్కుల చట్టంలో ఇప్పటి సాకులు పట్టుకునేలా సవరణ కావాలి. వలస వచ్చినవాళ్ల ఇబ్బంది చట్టసభలు పట్టించుకోవలసిన విషయమని 1990 తీర్పులోనే ఉంది. పార్లమెంటు అనే ఆ ఇంటికి మనం ముప్పై అయిదేళ్లుగా అద్దెకడుగుతున్నాం. పైభాగం ఖాళీ లేదంటున్నారు.

*

మేం తేల్చుకున్నాం. పిల్లను తీసుకుపోతున్నాం.

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నా దగ్గరకొచ్చి, "దాని కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి నాకియ్యి. ఆడ పనికిరావంటే ఈడన్నా బద్రంగా ఉంటాయి" అంది. అసలు పత్రం అమ్మ దగ్గర ట్రంకు పెట్టెలో ఉంటుంది. నకళ్లు నేను తీసుకుపోతాను.

ఆత్మకూరు హాస్టల్లో నన్ను వదిలినప్పుడు నాకు తొమ్మిదేళ్లే. చదువు కోసం వదిలారు, తప్పు లేదు. ఆ రోజు బస్సు వెనక అద్దంలో నాయన చిన్నగా అయిపోవడం ఇప్పటికీ కనబడుతుంది. ఒక కాగితం కోసం నా బిడ్డకు కూడా అదే చూపించలేను. వాటా కావాలంటే తల్లిని వదులుకో, తల్లి కావాలంటే వాటా వదులుకో అని తొమ్మిదేళ్ల పిల్లను అడిగే నియమం ఎవరు రాసినా, ఎంత పెద్ద ధర్మాసనం సంతకం పెట్టినా అది తప్పే.

ఊరికే పోవడం లేదు. వలస వచ్చిన ఎస్సీలకు తండ్రి పత్రం చూసి కులపత్రం ఇవ్వొచ్చని, అయితే ప్రయోజనాలు సొంత రాష్ట్రంలోనే పొందాలని కేంద్రం 1985లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ మొదటి సగం పట్టుకుని జూలైలో అక్కడి తాలూకా ఆఫీసులో నా కూతురి పేరు మీద దరఖాస్తు పెడతాను. కుదరదంటారు. నోటిమాటగా వద్దు, రాసివ్వండి అంటాను. ఆ తిరస్కరణ కాగితం నాకు కావాలి.

ఇది చదువుతున్న విద్యార్థులకు ఒక పని చెబుతున్నాను. తిరువళ్ళూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో హైదరాబాదులోనో ‘నీ పత్రం ఇక్కడ చెల్లదు’ అనిపించుకున్నవాళ్లు మీలో ఎంతమందో. తిట్టుకుని వచ్చేయకండి. రాతపూర్వకంగా తీసుకోండి. తేదీ, సీలు, సంతకం ఉండేలా చూడండి. ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచండి. ఒక్క కాగితం అయితే అర్జీ. వెయ్యి కాగితాలైతే కేసు.

జూన్ మొదటివారం ప్రయాణం. సామాను పెద్దగా లేదు. పుస్తకాలే ఎక్కువ. నాయన తడ దాకా వస్తానంటున్నాడు, నేను ఓసీ అయ్యేచోటు ఎట్టా ఉంటుందో చూడాలంట.

జై భీమ్.